తంబాకు లేని ఇల్లు

“నాకు మందు వెట్టినవా లసుమా! ముప్పై ఏండ్లు కాపురం జేసి, మందు వెట్టినవా!”

మంచం మీద నుంచి ఓదెలు అరుస్తుంటే లసుమవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. పొద్దున సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు నడుపుతూ అతను కక్కుకొని పడిపోయాడు. తోటివాళ్లు దవాఖానలో చూపించి తంగళ్ళపల్లిలోని ఇంటికి తెచ్చి దింపారు. కారణం ఆమె కూరలో కలిపిన పొడి. ఆ సంగతి ఆమే ఒప్పుకుంది. అబద్ధమాడటం ఆమెకు చేతకాదు మరి.

కలిపింది చంపడానికి కాదు! బీడీ మానకపోతే ఏడాది తిరక్కముందే ఊపిరాడక మంచాన పడతాడని డాక్టర్ చెప్పాడు. ఓదెలు వింటేనా! చదువు రాని లసుమవ్వ ఫోన్‌లో మైకు గుర్తు నొక్కి, “మా ఆయనతోని బీడీ ఎట్ల మాన్పియ్యాలె?” అని అడిగింది. ఫోన్ ఒక వీడియో వినిపించింది. ఈ పొడి తెప్పించుకోండి, చెప్పకుండా కూరలో కలపండి, వారంలో మానేస్తారు! వార్తలు చదివినంత శుద్ధంగా చెబుతుంటే అది సర్కారు మాటే అనుకొని పొడి తెప్పించింది పిచ్చితల్లి.

జగిత్యాలలో నర్సింగ్ చదివే కూతురు సంధ్య సాయంత్రానికల్లా వచ్చింది.

“నన్నడగక ఫోన్‌ను ఎందుకడిగినవే అమ్మా?”

“నువ్వు కసురుతవు బిడ్డా... అది కసురది.”

సంధ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. “అడుగు, తప్పులేదు. కని ఎవలు చెప్తున్నరో గుడ అడుగు. అమ్ముకునేటోడా, డాక్టరా?” అంటూ ఫోన్ తల్లి చేతికిచ్చింది.

“బీడీ మానెటందుకు సర్కారు దవాఖానోళ్లు ఏం చెప్తున్నరు?” అని ఈసారి అడిగింది లసుమవ్వ. పొగాకు మానేవాళ్లకు ఉచితంగా సలహా ఇచ్చే సర్కారు నంబరు వచ్చింది. సంధ్య బతిమాలి తండ్రితో మాట్లాడించింది. అవతలి ఆమె ఓపిగ్గా చెప్పింది. మానే రోజు ముందే పెట్టుకోవాలి. మనసు గుంజినప్పుడు నీళ్లు తాగుతూ పది నిమిషాలు ఆగాలి. ఇంట్లో పొగాకు కంటికి కనబడకూడదు.

ముగ్గురూ మూలనున్న చాట వైపు చూశారు. అందులో తునికాకు, తంబాకు, సగం చుట్టిన బీడీలు... లసుమవ్వ పదిహేనో ఏట నుంచి చేస్తున్న పని అదే. సంధ్య చదువు అందులోంచే వచ్చింది. ఓదెలు తాగే బీడీలూ అందులోవే! ఇన్నేళ్లూ నా చేతులతోనే చుట్టిచ్చానా అని ఆమె భోరుమంది.

మర్నాడే చాట ఎత్తుకొని వెనక వీధి సర్వర్ బీ ఇంటికి పోయింది.

“నీ అర్రల ఓ మూల కూసుంట.”

“మూలేంది లసుమక్కా, ఇల్లే నీది!”

పొద్దంతా అక్కడే చుట్టేది. తిరిగొచ్చేముందు అక్కడే స్నానం చేసి, చీర మార్చుకొనేది. ఓదెలు ఆమెతో మాట్లాడలేదు. కోపమొస్తే ఎవరి మాటా వినే మనిషి కాదు. దగ్గాడు, గిన్నెలు విసిరాడు, రెండుసార్లు ఆ నంబరుకు తనే ఫోన్ చేశాడు. బీడీ మాత్రం ముట్టలేదు.

పన్నెండో రోజు మధ్యాహ్నం సర్వర్ బీ వాకిట్లో అతని గొంతు వినబడింది. చేతిలో అన్నం డబ్బా.

“లోపటికి రా అన్నా!” అంది సర్వర్ బీ.

“రాను చెల్లే. ఆ వాసనకు పానం గుంజుతది.” తర్వాత భార్య వైపు తిరిగాడు. “నా పానం కోసం నీ ఇంట్ల నుంచి నువ్వే ఎల్లినవు గద లసుమా... ఇన్నొద్దులు మాట్లాడకపోతి. తప్పు నాదే. చేతులు కడుక్కొని రా, తిందాం.”

లసుమవ్వ సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుంది. కన్నీళ్లతో బయటికొచ్చి మెట్టు మీద కూర్చుంది. ఓదెలు దగ్గుతూనే ముద్ద కలిపి, ముందు ఆమె చేతిలో పెట్టాడు.