తెగని సంఖ్య

అది అరవై నాలుగో సంవత్సరం వానాకాలం. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ తెలుగు బడిలో సాయంత్రం గంట కొట్టి చాలాసేపయింది. పిల్లలంతా వెళ్ళిపోయినా లెక్కల టీచరు స్వర్ణకుమారి తరగతిగదిలోనే కూర్చుండిపోయింది. క్వార్టరుకు వెళ్ళి చేసేదేముంది? తల్లి పోయాక అక్కడ పలకరించే దిక్కు లేదు. మనసు విప్పి మాట్లాడుకునేది పక్క తరగతి తీతు మాస్టారు ఒక్కడితోనే. పోయిన నెల విషజ్వరం అతన్నీ తీసుకుపోయింది.

ఏమీ తోచక లేచి నల్లబల్ల మీద ఒక సంఖ్య రాసింది. 73939133.

తీతుకు ప్రాణమైన సంఖ్య అది. ఇద్దరూ కూర్చుని నెలల తరబడి భాగించి చూశారు. ఒకటితోనూ తనతోనూ తప్ప దేనితోనూ తెగదు. కుడివైపు చివరి అంకె చెరిపేస్తే మిగిలినదీ తెగదు. ఇంకొకటి చెరిపినా అంతే. ఆఖరికి ఏడు మిగిలేదాకా అంతే.

"మనలాటిదేనండీ టీచరుగారూ. ఎన్ని పోయినా ఒంటరిదే," అని నవ్వేవాడు. పెళ్ళి మాట అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

జల్లు లోపలికి కొడుతుంటే కిటికీ మూసి వెనక్కి తిరిగింది.

చివరి మూడు లేదు.

తన చెంగు తగిలి చెరిగిందనుకుంది. కానీ గదిలో ఏదో వాసన... తడిసిన దుప్పటి, మందు సీసా కలిసిన వాసన. జ్వరం మంచం దగ్గరి వాసన. నిమ్‌పురా యార్డులో రైలుపెట్టెల చప్పుళ్ళు ఉన్నట్టుండి ఆగిపోయాయి.

సర్ర్...

ఇంకో మూడు పోయింది. తర్వాత ఒకటి. తర్వాత తొమ్మిది. అలా ఒక్కొక్కటే చెరుగుతూ వచ్చాయి. చెరిపే చెయ్యి మాత్రం కనబడలేదు.

ఆఖరికి ఏడు ఒక్కటే మిగిలింది.

ఒక్క ఉదుటున వెళ్ళి దాని మీద అరచెయ్యి అదిమింది. ఆ చేతి మీద చల్లగా వేళ్ళు వాలాయి. మెల్లగా, మర్యాదగా, ఆమె చిటికెన వేలు పైకెత్తాయి.

"ఒక్కటే ఉండిపోయింది..." చెవి పక్కన గుసగుస. "ఇదీ తీసీమంటారా? ఇద్దరం ఎలిపోదాం..."

ఆ గొంతు కోసం ఎన్ని రోజులు తపించింది! అవునందామని పెదవులు కదిలాయి కూడా.

"వద్దు... వద్దు మాస్టారూ..."

వేళ్ళు ఆగాయి. వదిలేశాయి.

వానలోనే పరుగెత్తింది. పక్క క్వార్టరు ఆవిడ సూసన్న వరండాలో లాంతరు తుడుస్తోంది. ఆమెను చూసి గుడ్డ కింద పడేసింది.

"అదేటక్కా! బయట్నుంచి వస్తన్నావేటి? ఇంట్లోనే ఉన్నావు కదా?"

"నేనా?"

"ఇప్పుడే ఎవరో మగమనిసి నీ తలుపు కొట్టినాడు. లోపల్నించి 'రండి' అన్నావు. నీ గొంతు నాకు తెల్దేటి?"

స్వర్ణకుమారి తన గుమ్మం వైపు చూసింది. పొద్దున వేసిన తాళం తీసి మెట్టు మీద పెట్టి ఉంది. వెళ్ళి తలుపు నెట్టింది.

తెరుచుకోలేదు. సందులోంచి అదే జ్వరం మంచం వాసన.

లోపల గడియ వేసి ఉంది.