మూల సీటు మనిషి

చీకటి పడ్డాక రాళ్లరేవు పేరెత్తితే కోంటాలో పెద్దవాళ్లు నోటికి చెయ్యి అడ్డం పెడతారు.

ఊరికి కాస్త ఎడంగా, శబరి ఒడ్డున ఉంటుందా రేవు. ఎప్పుడో ఒకతను ఒడిశా ఒడ్డున జరిగే సంతకు పోదామని అక్కడ ఏట్లో దిగి మునిగిపోయాడట. మునిగినవాడు మునిగినట్టు ఉండొచ్చు కదా... ఉండడు! సంతకు పోయి తీరాల్సిందేనని ఇప్పటికీ పడవ కోసం కాచుకుని ఉంటాడట.

చాన్నాళ్లు ఏ పడవా ఎక్కలేదు పాపం. కానీ కిరాణా కొట్టు రామ్‌ప్రసాద్ గదీ, కిటికీలూ, మెత్తటి సీట్లూ ఉన్న పాత మోటారు బోటు ఒకటి కొనుక్కొచ్చి ఆ రేవులో కట్టాక మాత్రం ఆగలేకపోయాడు. దెయ్యమైతే మాత్రం ఎండలో కూర్చోవాలని ఎవరికుంటుంది?

ఎక్కాడని ఎలా తెలిసిందంటే... బోటు ఎడమకి ఒరిగింది.

ఖాళీ బోటు. లోపల పురుగు లేదు. అయినా ముందువైపు ఎడమ మూల సీట్లో వడ్ల బస్తాలాంటి మనిషెవడో కూలబడ్డట్టు ఒక పక్కకి వంగి నిలబడేది. రోజురోజుకీ ఇంకాస్త ఎక్కువగా.

జనం ఆ సీటు వదిలేశారు. ఎక్కిన ప్రతివాళ్లూ అటు చూడకుండానే సీటు కిందికి పిడికెడు పసుపు బియ్యం విసిరి, "నీ వాటా నీకు, మా జోలికి రాకు" అని గొణిగి వెళ్లి అవతలి పక్క కూర్చునేవాళ్లు. పోను పోను బియ్యంతోపాటు బోటెక్కడమూ మానేశారు.

ఆ బోటు నడిపే దుర్గేశ్ రామ్‌ప్రసాద్‌కి మేనల్లుడు. దెయ్యాన్ని తప్ప అందర్నీ అనుమానించే రకం.

మొదట నీళ్లని అనుమానించాడు. బోటు అడుగున చేరిన నీళ్లు వెనక్కి పారి వస్తే తోడెయ్యడానికి వెనకవైపు ఒక పంపుంది. రోజూ స్విచ్ వేసేవాడు. అది గర్‌ర్‌మని ఎండు దగ్గు దగ్గి రెండు చుక్కలు ఉమ్మేది. వెనక పలక ఎత్తి చూస్తే అడుగు పొడిగా ఉండేది. ముందు మూల సీటు కింద కూడా ఒక పలకుంది కానీ, దాన్ని ఎత్తే మొనగాడు కోంటాలో లేడు. దుర్గేశ్‌తో సహా.

నీళ్లు కాదని తేలాక మనుషుల మీద పడ్డాడు. అదే రేవులో నాటు పడవ నడిపే కమలేష్ ఉన్నాడు. ఈ బోటు ఒరిగిన కొద్దీ ఆ పడవ నిండుతోంది. పొద్దున లేచింది మొదలు నవ్వుతూ ఉండే మనిషిని నమ్మొచ్చా?

సంత ముందురోజు రామ్‌ప్రసాద్ తేల్చి చెప్పేశాడు. "రేపు గూడ ఖాళీగ పోయిందనుకో, బోటు అమ్మేస్త. నువ్వొచ్చి కొట్ల కూసొని బెల్లం మీద చీమలు దులుపుకో."

దుర్గేశ్‌కి ఆ స్టీరింగు చక్రమంటే ప్రాణం. చీమలంటే కాదు. అందుకే ఆ రాత్రి దీపం లేకుండా వెళ్లి, కమలేష్‌ని పట్టుకుందామని బోటు గదిలో నక్కాడు.

చీకటి... బయట ఏటి గలగల.

కాళ్లు తిమ్మిరెక్కి కుడివైపు రెండడుగులు వేశాడు.

గ్లుబ్.

కాళ్ల కిందే. అతని వెనకే.

ఆగాడు.

అతను ఆగాక... అది ఇంకో అడుగు వేసింది.

దుర్గేశ్ తడుముకుని గోడ పట్టుకున్నాడు. ఎడమకి జరిగాడు. గ్లుబ్, గ్లుబ్, గ్లుబ్... ఈసారి అది మూల సీటు దాకా వెళ్లి, అక్కడ నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు చేసి ఊరుకుంది. హనుమాన్ చాలీసా ఎత్తుకున్నాడు. మొదటి ముక్క దాటితే రెండోది రాలేదు.

అప్పుడే బోటెక్కే బల్ల కిర్రుమంది.

ఎవరో లోపలికొచ్చారు. వెలుగు లేదు. వంగి వంగి నడుస్తూ సరాసరి మూల సీటు దగ్గరికే వెళ్లి, కాసేపు ఏదో సర్దుకుని, కింద మోకాళ్ల మీద కూర్చున్నారు.

దుర్గేశ్ ఎగిరి మెడ పట్టుకున్నాడు.

"అయ్యయ్యో... నన్నే పట్టినవా తండ్రీ! నీకేం తక్కువ జేసిన నేను?"

"కమలేష్ భయ్యా! నేను, దుర్గేశ్‌ను!"

కమలేష్ నడుంలో దోపుకున్న టార్చి తీసి వెలిగించాడు. ఇంకో చేతిలో ఆకు పొట్లం, అందులో పసుపు బియ్యం.

"రోజు రాత్రి వచ్చి నా బోటుల ఇసుక పోస్తున్నది నువ్వే గదా?"

"ఇసుకెందుకు పోస్త భాయ్? బియ్యం పోస్తున్న."

"ఎందుకు?"

కమలేష్ సీటు వైపు ఓరగా చూసి గొంతు తగ్గించాడు. "ఆయన ఈడ్నే ఖుషీగ ఉండాలె గదా. ఈడ తిండి దొరకలేదనుకో, యాడికొస్తడు? నా పడవలకే!"

దుర్గేశ్‌కి నవ్వొచ్చింది. కానీ నవ్వే తీరిక లేకపోయింది. టార్చి వెలుగులో పొట్లంలోంచి ఒలికిన బియ్యపు గింజలు పలకల సందులోంచి కిందికి జారుతున్నాయి. జారి...

టప్... టప్... టప్.

నీళ్లలో పడుతున్నాయి.

పంపు పొడిగా ఉందంటోంది. గింజలు నీళ్లున్నాయంటున్నాయి. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారు.

"పలక ఎత్తు భయ్యా."

"నేనా? ఆయన సీటు కిందనా?"

"ఏం గాదు. ఆయనను జర కాళ్లు పైన పెట్టుకోమను."

ఇద్దరూ బోర్లా పడుకుని, తలలు సీటు కిందికి దూర్చి పలక లేపారు. పుల్లగంజి కంపు గుప్పుమంది. కింద నల్లటి నీళ్లు అంచు దాకా నిండి, టార్చి వెలుగులో అటూ ఇటూ ఊగుతున్నాయి. బోటు అడుగున ఒక అడ్డబద్ద ఉంది. నీళ్లు వెనక పంపు దగ్గరికి పారాలంటే ఆ బద్దకున్న రంధ్రంలోంచే పోవాలి.

దుర్గేశ్ మోచేతి దాకా చెయ్యి ముంచి ఆ రంధ్రం తడిమాడు. మెత్తగా, చల్లగా ఏదో వేళ్లకి అతుక్కుంది.

"ఏంది భాయ్... చెయ్యా?" కమలేష్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

దుర్గేశ్ పట్టి లాగాడు. నాని, ఉబ్బి, ముద్దయిన పసుపు బియ్యం! పిడికిలి వెంట పిడికిలి లాగితే బకెట్ నిండింది. ఆఖరి ముద్ద ఊడగానే నీళ్లు గుడగుడమంటూ వెనక్కి ఉరికాయి. పరుగెత్తుకెళ్లి పంపు వేస్తే ఈసారి దగ్గలేదు, ధారగా కక్కింది. మెల్లగా... బోటు నడుం నిటారు చేసింది.

"మొదట్ల ఏ చెత్తనో అడ్డం పడి వాన నీళ్లు, అలల తుంపర అంత ఈడ్నే నిలిచింది భయ్యా. మనం బియ్యం పోసిన కొద్ది ఆయన బరువెక్కిండు!"

తెల్లారింది. జనం గంపలతో రేవులో నిలబడ్డారు. రామ్‌ప్రసాద్ కూడా వచ్చి చేతులు కట్టుకుని చూస్తున్నాడు. దుర్గేశ్ రంధ్రం గురించి, బద్ద గురించి, పంపు గురించి గొంతు పోయేలా చెప్పాడు. ఒక్కరూ కదల్లేదు.

ఎండుచేపలమ్మే ఉప్పలమ్మ మాత్రం ముందుకొచ్చి బకెట్లోకి తొంగి చూసి, పుల్లతో కెలికింది.

"ఇదంత మనం పెట్టిందేనారా?"

"మనదే పెద్దమ్మా."

"ఒక్క గింజ ముట్టలె?"

"ముట్టలె."

ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని జనం వైపు తిరిగింది. "పెట్టిన బువ్వ తినని దెయ్యం యాడన్న ఉంటదా? ఈడ ఎవ్వరు లేరు. నడువుండ్రి!"

పంపు చెప్తే నమ్మనివాళ్లు గంజి చెప్తే నమ్మారు. బోటు నిండిపోయింది. ఉప్పలమ్మ గంప ఒళ్లో పెట్టుకుని ఏకంగా మూల సీట్లోనే కూర్చుంది. ఒడ్డున రామ్‌ప్రసాద్ కట్టుకున్న చేతులు విప్పాడు. దుర్గేశ్ ఈల వేసుకుంటూ చక్రం తిప్పాడు.

నడి ఏట్లోకి వచ్చాక కమలేష్ పక్కకి చేరాడు. తన పడవకి ఇవాళ బేరం లేక అతనూ ఇందులోనే సంతకొస్తున్నాడు.

"భాయ్... రాత్రి ఆ గుడ్డు నువ్వు తిన్నవా?"

"ఏ గుడ్డు?"

"సంత ముందురోజని నిన్న ఉడకబెట్టి తెచ్చిన. బియ్యం పొయ్యకముందు సీటు మీద పెట్టిన. పోయేటప్పుడు చూస్తే లేదు."

దుర్గేశ్ అతని మొహంలోకి అనుమానంగా చూశాడు. ఎక్కడో ఒక మూల నవ్వు ఉండే ఉంటుందని వెతికాడు. రోజూ ఉండే నవ్వు ఇవాళ లేదు.

"నేను నీ పక్కనే ఉంటి గదా భయ్యా. ఇద్దరి తలకాయలు సీటు కిందనే ఉండె."

"అదే నేను గూడ అనుకుంటున్న..."

అప్పుడు మూల సీట్లోంచి ఉప్పలమ్మ కేక వినిపించింది.

"ఒరేయ్ దుర్గేశ్! ఎవడ్రా ఈడ తీరుబడిగ కూసొని గుడ్డు ఒలుసుకున్నది? పెంకులన్ని గుచ్చుకుంటున్నయ్!"