పడవలో రెండో మనిషి

గురువారం కావడంతో ఇటలీలోని కియోజ్జా ఊరి పెద్దవీధిలో పొద్దున్నే సంత బండ్లు దిగుతున్నాయి. మూడో అంతస్తు వంటింట్లో నెరీనా ఒక చేత్తో పొయ్యి మీది కాఫీ చూసుకుంటూ, రెండో చేత్తో తలుపు వెనకాల ఎర్రగొడుగు కోసం తడుముతోంది. ఆ గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడిస్తేనే వెనకాల ఇరవై ఇద్దరు విదేశీయులు దారి తప్పకుండా వస్తారు.

"గొడుగు స్నానాలగదిలో ఉంది. నిన్న తడిసిందని నువ్వే ఆరేశావు," అంది తల్లి ఎల్దా, సర్దీన్ చేపల మీద వేయించిన ఉల్లిపాయలు పరుస్తూ. "ఆ మతిమరుపుతో అంతమందిని ఎలా లెక్క చూసుకుంటావే?"

"వాళ్లు గొడుగుల్లాగా బాత్రూముల్లో దాక్కోరమ్మా."

తండ్రి ఒత్తొరీనో కిటికీ దగ్గర కూర్చుని బిస్కెట్టు కాఫీలో ముంచుకుంటున్నాడు. డెబ్బై ఒక్క ఏళ్లు. పడవ అమ్మేసి ఆరేళ్లయినా ఇప్పటికీ లేవగానే గాలి ఎటుందో చూస్తాడు. నెరీనా ఆయన ఎదుట నిలబడింది.

"నాన్నా, పదకొండింటికి. విగో వంతెన మీద. గుర్తుంది కదా?"

"రానని నిన్ననే చెప్పాను."

పాదువా, కియోజ్జా, వెనిస్. ఈ మూడు కాలువల ఊళ్లనీ నాలుగు రోజుల్లో చూపించే యాత్ర అది. అందులో కియోజ్జా రోజుకి గైడు నెరీనా. ఏప్రిల్‌లో పిలుస్తారు, అక్టోబరులో పంపేస్తారు. చలికాలమంతా ఇంట్లో కూర్చోవాలి. తొమ్మిదేళ్లుగా ఇదే వరస. ఇన్నాళ్లకి పాదువా ఆఫీసు మేనేజరు జాంకన్, ఆమెని ఏడాది పొడుగునా ఉంచుకుంటానన్నాడు. దానికి కారణం తమ ఇంటి మారుపేరు మీద ఆమె చెప్పే నిద్రమొద్దు కథ. వచ్చినవాళ్లందరూ ఆ కథే మెచ్చుకుని రాస్తున్నారు. దాన్నే కొత్త కరపత్రం మొదటి పేజీలో వేస్తాడట. ఒక్కటే షరతు. ఆ ఇంటి ముసలి జాలరే వంతెన మీద నిలబడి చెప్పాలి, ఫొటో తీయించుకోవాలి.

"నన్నేం చెయ్యమంటావు? వంతెన మీద కోతిలా గంతులెయ్యనా?"

"గంతులెవరు వెయ్యమన్నారు! నాకు చెప్పిన కథే వాళ్లకి చెప్పు. నువ్వు మన మాటల్లో చెబుతావు, నేను ఇంగ్లీషులో చెబుతాను. ఐదు నిమిషాలు."

"నువ్వు చెబుతూనే ఉన్నావుగా."

"వాళ్లకి జాలరి కావాలట. నేను జాలరినా?"

"నేను జాలరినే. ఆడించే బొమ్మని కాను."

ఎల్దా కలగజేసుకుంది. "వదిలెయ్యవే. ఆయన ఒద్దన్నాడంటే ఒద్దనే."

"ఎందుకొద్దో చెప్పాలిగా? నవ్వొచ్చే కథ. ఊళ్లో ఎవరు విన్నా నవ్వుతారు." నెరీనా గొంతు పెరిగింది. "నాన్నా, నేను బళ్లో ఉన్నన్నాళ్లూ నువ్వు సముద్రంమీదే ఉన్నావు. పాట పాడినరోజు రాలేదు, పట్టా తీసుకున్నరోజు రాలేదు. ఎప్పుడైనా ఒక్క మాటన్నానా? చేపలు వాటి టైముకి అవి వస్తాయి, నాన్న ఏం చేస్తాడులే అనుకున్నాను. ఇప్పుడు కిటికీ దగ్గర కూర్చుని కూడా నాకోసం ఐదు నిమిషాలు ఖర్చుపెట్టలేవా?"

ఒత్తొరీనో కప్పు కింద పెట్టాడు. బిస్కెట్టు సగం అందులోనే నానిపోయింది.

"ఎల్దా, నా టోపీ ఏది?"

"నీ నెత్తిమీదే ఉందయ్యా."

ఆయన టోపీ తడిమి చూసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయాడు. మామూలు రోజైతే తల్లీకూతుళ్లు పడీపడీ నవ్వేవాళ్లు.

పదిన్నరకల్లా నెరీనా గుంపుని చేపల బజారు దాటించింది. ఎండ బాగా కాస్తోంది. వేనా కాలువలో కూరగాయల పడవలు కట్టి ఉన్నాయి. వంతెన మొదట్లో స్తంభం మీది చిన్న సింహాన్ని చూపించి, "వెనిస్ వాళ్లు దీన్ని పిల్లి అంటారు. మీరు మాత్రం అనకండి, భోజనం దొరకదు," అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. జాంకన్ ఫొటోలు తీసేవాణ్ని వెంటబెట్టుకుని అప్పుడే వచ్చేశాడు. మా నాన్న రాలేదని ఎలా చెప్పడమా అని ఆమె మాటలు కూడగట్టుకుంటోంది.

వంతెన పైకి ఎక్కేసరికి అక్కడ నాన్న ఉన్నాడు.

గడ్డం గీసుకున్నాడు. పెళ్లిళ్లకి తప్ప బయటికి తియ్యని కోటు వేసుకున్నాడు. కలరా ఉండల వాసన నాలుగడుగుల దూరానికే వస్తోంది.

"భలే ఉన్నాడు! సముద్రంలోంచి నేరుగా లేచొచ్చినట్టున్నాడు!" అన్నాడు జాంకన్.

"ఐదు నిమిషాలన్నావుగా. ఊఁ, కానీ," అన్నాడు ఒత్తొరీనో కూతురితో.

నెరీనా మొదలుపెట్టింది. ఈ ఊళ్లో సగం మంది తియోజ్జోలు, సగం మంది బోస్కోలోలు. టోనీ తియోజ్జో అని కేకేస్తే పాతికమంది తలలు తిరుగుతాయి. అందుకని ప్రతి ఇంటికీ ఒక మారుపేరు ఉంటుంది. పోస్టు తెచ్చేవాడు కూడా ఆ పేరే చూసుకుంటాడు. మా ఇంటి మారుపేరు 'దోర్మియోన్', అంటే నిద్రమొద్దు. అది ఎలా వచ్చిందో మా నాన్నే చెబుతాడు, వినండి.

ఒత్తొరీనో చెప్పాడు. ఆమె ఎన్నడూ చెప్పనంత బాగా చెప్పాడు. వాళ్ల నాన్న టోనీ పడవనిండా సర్దీన్లు వేసుకుని ఒంటరిగా ఇంటికి వస్తూ, చుక్కాని పట్టుకునే నిద్రపోయాడట. పోటునీరు పడవని తనంతట తానే కాలువలోకి లాక్కొచ్చిందట. ఈ వంతెన కింద నుంచి, ఆ వంతెన కింద నుంచి దూరుకుంటూ సరిగ్గా ఇంటి ముందుకొచ్చి ఆగిందట. ఎదురింటావిడ ఆరేసుకున్న ఎర్రలంగా దారిలో నెత్తిన తగులుకుందట. పెళ్లాం కిటికీ తీసి చూస్తే ఎర్రలంగా ముసుగేసుకుని గురకపెడుతున్న మొగుడు, చేపలు తింటూ వీధిలోని పిల్లులన్నీ! చీపురు తీసుకుని దిగిందట. ఒత్తొరీనో గురకపెట్టి చూపించాడు, ముసుగేసి చూపించాడు. గుంపంతా కడుపు పట్టుకుని నవ్వింది. కెమెరా టకటకా మోగుతూనే ఉంది.

అప్పుడు వెనక నుంచి ఒక పొడుగాటి డచ్చి ముసలాయన చెయ్యెత్తాడు. నలభై ఏళ్లు సరుకుల పడవ నడిపానని పొద్దుటే పరిచయం చేసుకున్నాడాయన. చాలా మర్యాదగా అడిగాడు. "తెరచాప పడవ కదా అది? వంతెన ఇంత తగ్గులో ఉంది. తెరచాప కొయ్య దించకపోతే పడవ పట్టదు. ఆయన నిద్రపోతుంటే కొయ్య ఎవరు దించారు?"

నెరీనా పిట్టగోడ మీంచి వంగి కిందికి చూసింది. వారానికి నాలుగుసార్లు ఈ వంతెన చూపిస్తుంది. దాని కింద కొయ్య దించకుండా ఏ తెరచాప పడవా రాదని పడవలవాళ్ల ఇంట్లో పుట్టిన ఆమెకి తెలుసు. ఆ కథ విన్న ముప్పై ఏళ్లలో ఈ సంగతి ఒక్కసారీ తట్టలేదు. ఆ ప్రశ్నని ఆమే నాన్నకి తమ మాటల్లో చెప్పాల్సి వచ్చింది.

"కొయ్య ఎవరు దించారని అడుగుతున్నాడు నాన్నా."

ఒత్తొరీనో డచ్చి ముసలాయన వైపు చూశాడు. పడవల మనిషి ఎదురుగా ఉంటే ఆయనకి అబద్ధం రాలేదు.

"బెపి," అన్నాడు. "కొయ్య బెపి దించేవాడు."

ఆ పేరు నెరీనా ఎప్పుడూ వినలేదు. ఆయన టోపీ తీసి గుంపుకి తలవంచి, వంతెన దిగి వెళ్లిపోయాడు. "ఏమన్నాడు? ఏమన్నాడు?" అని జాంకన్ అడుగుతూనే ఉన్నాడు. ఆమె గుంపుని భోజనానికి హోటల్లో కూర్చోబెట్టి, గొడుగు అక్కడే వదిలేసి బయల్దేరింది.

నాన్న రేవు గట్టున, ఒకప్పుడు తన పడవ కట్టే రాతి మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుంది.

"బెపి ఎవరు నాన్నా?"

ఆయన నీళ్లవైపు చూస్తూ చెప్పాడు. "మా బాబాయి. మా నాన్నకి తమ్ముడు. నేను పుట్టకముందే పోయాడు. పడవలో ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్లేవాళ్లు. జనవరి నెల, పొగమంచు. మా నాన్న రెండు రోజులుగా నిద్రలేకుండా ఉన్నాడు. 'అన్నా, నువ్వు పడుకో, నేను చూసుకుంటా' అన్నాడట బెపి. మా నాన్న లేచి చూస్తే చుక్కాని దగ్గర ఎవరూ లేరు. ఎప్పుడు పడ్డాడో, కేక వేశాడో లేదో కూడా తెలీదు."

నెరీనా ఆయనకి ఇంకా దగ్గరగా జరిగింది.

"రేవు ఆఫీసులో అడిగిన ప్రతి ప్రశ్నకీ మా నాన్న ఒక్కటే చెప్పాడట, నేను నిద్రపోయాను అని. ఏ టోనీ తియోజ్జో అంటే, నిద్రపోయిన టోనీ. అలా వచ్చింది పేరు. ఎవరూ వెక్కిరించడానికి పెట్టలేదు తల్లీ. తెలిసినవాళ్లందరూ పోయారు. పేరు మిగిలింది."

"మరి ఆ లంగా, పిల్లులు..."

"నీకు ఏడేళ్లు. నిద్రమొద్దు, నిద్రమొద్దు అని బళ్లో ఏడిపించారని వెక్కిళ్లు పెడుతూ వచ్చావు. మనకా పేరెందుకు అని అడిగావు. ఏం చెప్పను? నోటికొచ్చింది అల్లేశాను. నువ్వు నవ్వితే చాలనుకున్నాను."

"తాత అప్పుడు ఉన్నాడు కదా," అంది నెరీనా మెల్లగా. "వంటింట్లోనే కూర్చునేవాడు."

"విన్నాడు. అంతా విన్నాడు. నాకు నాలుక పీక్కోవాలనిపించింది. ఆయన సూపు గిన్నె పక్కకి జరిపి, 'లంగా ఎర్రదని చెప్పరా, పిల్ల ఇంకా నవ్వుతుంది' అన్నాడు."

నెరీనా రెండు చేతులతో మొహం కప్పుకుంది. తొమ్మిదేళ్లుగా ఎర్రలంగా దగ్గరికి రాగానే ఒక్క క్షణం ఆగి, అందరూ నవ్వాక మళ్లీ మొదలుపెట్టేది. ఆ నవ్వు ఎవరు ఇచ్చారో ఇప్పుడు తెలిసింది.

"పొద్దున నేనలా అనకుండా ఉండాల్సింది," అంది ఏడుస్తూ.

"తప్పేమన్నావు? రాలేదు కదా నేను." ఆయన జేబులోంచి రుమాలు తీసిచ్చాడు. అదీ కలరా ఉండల వాసనే. "అందుకే ఇవాళ వచ్చాను. ఆ కథ నీకోసం చెప్పింది. నీకోసమే మళ్లీ చెబుదామనుకున్నాను. ఆ పొడుగాటోడు పట్టేశాడు."

"పడవల మనిషి కదా."

"ముప్పై ఏళ్లు పడవలవాళ్ల ఇంట్లో ఉన్నా పట్టుకోలేదు మా పిల్ల," అన్నాడు. ఏడుస్తూనే ఆమెకి నవ్వొచ్చింది.

సాయంత్రం జాంకన్‌కి ఫోన్ చేసింది. కరపత్రంలో ఆ కథ వెయ్యొద్దంది.

"ఫొటోలు అద్భుతంగా వచ్చాయమ్మా! ముసలాయన గురక పెడుతున్నది ఒక్కటి చాలు!"

"వెయ్యొద్దండి."

"అయితే ఏడాది పొడుగునా ఉద్యోగం సంగతి కూడా నువ్వే ఆలోచించుకో."

"ఆలోచించుకునే చేశాను."

అక్టోబరు దాకా పనైతే ఉంది. ఎల్దా పొద్దున్నుంచి ఊరుతున్న సర్దీన్ల గిన్నె తీసి బల్లమీద పెట్టి, "ముందు తినండి ఇద్దరూ. మొహాలు చూడండి, ఆటుపోటుకి కొట్టుకొచ్చినట్టున్నాయి," అంది.

తింటూ తింటూ ఒత్తొరీనో అన్నాడు. "కథ మానెయ్యకు. చెప్పుకో. కానీ బెపిని పడవలో కూర్చోబెట్టు. నేనే తీసేశాను వాణ్ని. డెబ్బై ఏళ్లలో వాడి పేరెత్తినవాళ్లు లేరు."

తర్వాతి గురువారం కొత్త గుంపు. చేపల బజారు, సింహం, పిల్లి హెచ్చరిక అన్నీ అయ్యాయి. వంతెన పైకి ఎక్కేసరికి నాన్న ఉన్నాడు. కోటు లేదు, మామూలు చొక్కా. గుంపు చివర ఎవరికీ తెలియని మనిషిలా వంతెన పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాడు.

నెరీనా ఎర్రగొడుగు మూసింది.

"మా ఇంటి మారుపేరు నిద్రమొద్దు," అంది. "అది ఎలా వచ్చిందో చెబుతాను. జనవరి నెల. పడవలో ఇద్దరున్నారు. ఒకాయన పేరు టోనీ. రెండో ఆయన పేరు బెపి."

గుంపు చివర ఒత్తొరీనో టోపీ తీశాడు.