ఎనిమిది థ్రెడ్లు, ఒకే లాక్

"ఏంది, ఎనిమిది మందిని పెట్టుకొని ఒక్కడు చేసే పని కూడా చేయించలేకపోతన్నావా?"

నరసరావుపేట ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో, పక్క సిస్టం ముందున్న యమున నవ్వింది. మాచర్ల అమ్మాయి. మాటకు మొహమాటం ఉండదు.

వీరాంజనేయులుకు ఒళ్లు మండింది. అతని ఫైనలియర్ ప్రాజెక్టు చెస్ ప్రోగ్రాం. ఎనిమిది థ్రెడ్లు, అంటే ఒకేసారి నడిచే పనివాళ్లలాంటి ముక్కలు, కలిసి ఎత్తులు వెతకాలి. తీరా చూస్తే ఒక్క థ్రెడ్ కన్నా నెమ్మదిగా నడుస్తోంది. సాయంత్రం రివ్యూ. అప్పటికీ పని చేయకపోతే టాపిక్ మార్చేయమని గైడ్ కోటేశ్వరరావు సార్ చెప్పేశారు.

"చూసిన పొజిషన్లన్నీ అందరూ ఒకే టేబుల్లో రాస్తారు. ఇద్దరు ఒకేసారి రాస్తే పాడైపోద్ది. అందుకే ఒకసారికి ఒక్కడే రాసేలా లాక్ పెట్టా," అన్నాడు.

"టేబుల్ మొత్తానికీ ఒకటే మ్యూటెక్స్ లాకా? ఒకడు రాస్తంటే మిగతావాళ్లు పడుకుంటన్నారు. వాళ్లను లేపేలోపల పని ఎప్పుడో అయిపోద్ది."

"నీ సలహా నేనడిగానా?"

యమున మూతి తిప్పుకుంది. అతను పంతం కొద్దీ లాక్ మొత్తం తీసేశాడు. ప్రోగ్రాం బోర్డు మీద లేని గుర్రంతో ఎత్తు వేసింది. పక్కనుంచి కిసుక్కున నవ్వు.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. అన్నానికి కూడా లేవని వీరాంజనేయులు చివరికి కుర్చీ ఆమె వైపు తిప్పాడు.

"చెప్పు తల్లీ. ఏం చెయ్యాల?"

"టేబుల్‌ని ముక్కలు చెయ్. ముక్కకో స్పిన్‌లాక్ పెట్టు. రాసేది రెప్పపాటు పనే గదా, థ్రెడ్ నిద్రపోకుండా మెలకువగా కాచుకుంటది. వేరే ముక్కలో రాసేవాళ్లకి అడ్డే ఉండదు."

కలిసి రాశారు. మధ్యలో తిట్టుకున్నారు. రన్ చేశారు.

ప్రోగ్రాం ఈసారి చాలా ఎత్తుల ముందు దాకా వెతికింది. ఉన్నట్టుండి తన మంత్రిని ఎదుటివాడికి అప్పగించేసింది.

"పోయింది!" అన్నాడు.

"ఆగు!"

యమున ఒక్కో ఎత్తూ కదిపి చూపించింది. ఎదుటి రాజు ఎటు వెళ్లినా దారి లేదు. ఇద్దరూ మళ్లీ కోడ్ తిరగేశారు. ప్రతి లైనూ తాము రాసిందే. ఆ ఎత్తు మాత్రం ఇద్దరి ఊహకూ అందనిది.

"ఇది మనం రాసిందేనా?" యమున తెర దగ్గరికి వంగింది.

ఆమె కళ్లలో తెర వెలుగు. వీరాంజనేయులు తెరను మరిచిపోయాడు.

రివ్యూకి యమున కూడా వెళ్లి ఆట నడిపించింది. కోటేశ్వరరావు సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకోసారి ఆడించమ్మా," అన్నారంతే.

వరండాలోకి వచ్చాక వీరాంజనేయులు ఆమె వైపు తిరిగాడు. "ప్రాజెక్టులో పార్ట్‌నర్‌గా ఉంటావా?"

"ప్రాజెక్టు మార్చితో అయిపోద్దిగా."

"మార్చి తర్వాతకి కూడా అడుగుతన్నా."

యమున వరండా అంచుకెళ్లి వానలోకి చెయ్యి చాపింది.

"మా నాన్న ఆదివారం ఇంటికాడే ఉంటాడు," అంది. "మాచర్ల బస్సు ఎక్కటం వచ్చా నీకు?"