వెనక గోడకి పెళ్లి చాపలు

పాటల సాధన మధ్యలో ఎవరో టప్‌మని చప్పట్లు కొట్టారు.

"మెచ్చుకోవాలంటే పాటయ్యాక కొట్టండి," అంది తిరేసా.

"మెచ్చుకోలేదండి. మీ చర్చి నా చప్పట్లని ఎంతసేపు నములుతుందో చూస్తున్నా," అన్నాడు ఎనోసా.

అతను రాజధాని ఆపియా నుంచి మైకులు సరిచేయడానికి మా సవాయీ దీవికి వచ్చాడు. మా ఊరి చర్చి పాతకాలం తీరులో కట్టింది, ఎత్తయిన కమానులు, పొడవాటి హాలు. పాటైతే అద్భుతం. వాక్యం చదివితే మాత్రం ఒక మాట వెనక గోడకి తగిలి తిరిగొచ్చి తర్వాతి మాట మీద పడుతుంది. తిరేసా వాళ్ల మామ్మ ఏళ్లుగా చివరి బల్ల మీద కూర్చుని అర్థం కాకుండానే ఆమెన్ అంటోంది.

ఎనోసా స్పీకర్లు కిందికి దించి జనం వైపు తిప్పాడు. తిరేసా నిచ్చెన పట్టుకుంది. పట్టుకోనక్కర్లేనప్పుడు కూడా పట్టుకుంది. ఇక మోత తగ్గాలంటే వెనక గోడకి మందంగా ఏదైనా కట్టాలన్నాడు అతను.

పాటల గురువు సెమిసి, తిరేసా తండ్రి, ససేమిరా అన్నాడు. ఆ మోతే తన పాటకి ప్రాణమట. నిచ్చెన సంగతి కూడా ఆయన చెవిన పడింది. ఆదివారం ఆరాధన అవగానే ఎనోసాని పడవెక్కమన్నాడు.

ఎనోసా సామాను సర్దుకున్నాడు. తిరేసా సర్దుకోలేదు. తన పెళ్లిలో మగపెళ్లివారికి ఇవ్వడానికి మామ్మ దాచిన చాపలన్నీ బయటికి లాగింది. గోడకీ వాటికీ మధ్య కాస్త సందు వదిలి వరసగా వేలాడదీసింది. మామ్మే మేకులు అందించింది.

ఆదివారం వాటిని చూసి సెమిసి మొహం మాడిపోయింది. దించమని కూతురికి సైగ చేశాడు. ఆ రోజు వాక్యం చదివే వంతు తిరేసాది. అరవకుండా, ఇంట్లో మాట్లాడినట్టే చదివింది. చివరి బల్ల మీద మామ్మ ముందుకి వంగి, ఒక్కో మాటకీ తల ఊపుతూ ఏడ్చింది.

చదవడం అయ్యాక తిరేసా వేదిక దిగలేదు.

"నాన్నా, చాపలు దించను. ఎనోసా వాళ్లింటికి ఇచ్చే రోజే దించుతా."

ఎప్పుడూ లేనిది, ప్రతి అక్షరం అందరికీ స్పష్టంగా చేరింది. వినపడలేదనడానికి సెమిసికి దారి లేదు. ఊరంతా ఆయన వైపే చూస్తోంది.

ఆయన చివరి బల్ల మీదున్న తల్లి మొహం చూశాడు. తర్వాత పాటగాళ్ల వైపు చెయ్యెత్తాడు.

"పెళ్లి పాట ఎత్తుకోండి. మెల్లగా. మా అమ్మకి మాటలు వినపడాలి."