ఫీజు ముట్టిన రోజు

"కాగితం మీద గీతలు గీయనీకి నలభై వేలా మేడం?"

తడిసిన గొడుగును తలుపు పక్కన ఆనించి, కూర్చోకుండానే అడిగాడు భానుప్రసాద్. బయట ముసురు. నిజామాబాద్‌లో మందుల దుకాణం మీద ఉన్న ఒక్క గదే, ఇళ్ళకు లోపలి డిజైన్లు గీసే నిరోష ఆఫీసు.

"గీతలకు కాదన్నా. ఏ గీత గీయొద్దో చెప్పనీకి," అంది నిరోష.

"మా బోధన్‌ల ప్లైవుడ్ దుకాణపాయన డిజైన్ ఫ్రీ అన్నడు."

"ఫ్రీగనే ఇస్తడు. ప్లైవుడ్ ఎంత ఎక్కువ పడితే ఆయనకు అంత మంచిది. ఖాళీ గోడ కనిపిస్తే చాలు, అల్మారి గీస్తడు. నేను దుకాణాల కమీషన్ ముట్ట. నాకు పైసలిచ్చేది మీరొక్కరే, గందుకే మీ ఇంటి గురించే ఆలోచిస్త. సగం ముందుగాల, సగం పనైనంక."

"బేరం లేదా?"

"ఉన్నది. ఒక గది తగ్గించుకోండ్రి, ఫీజు తగ్గిస్త. పని మాత్రం అంతే ఉండాలె, ఫీజు తగ్గాలె అంటే కాదు."

అతను సగం మెట్లు దిగి, మళ్ళీ పైకి వచ్చాడు.

"ఇల్లు సూడనీకి ఎంత?"

"సూసుడు ఫ్రీ."

"అమ్మయ్య! ఒక్కటన్న ఉన్నది," అని నవ్వి వెళ్ళిపోయాడు.

నవ్వింది గానీ, నిరోష మనసులో బరువు అలాగే ఉంది. అంతకుముందు ఇద్దరు ముగ్గురు ఆమె గీసిన బొమ్మలు తీసుకుని వడ్రంగులకిచ్చి, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. జక్రాన్‌పల్లిలో ఉన్న తండ్రి లింబయ్య, "ఊరికె చేసే పని ఉద్యోగం ఎట్లయితది బిడ్డా? హైదరాబాద్ కంపెనోళ్ళు పిలుస్తున్నరు గద, పోరాదు," అని ఫోన్ చేసినప్పుడల్లా అనేవాడు. ఈ ఒక్క ఇల్లు చూద్దామనుకుంది. తన పనికి ఇక్కడ విలువ దొరికితే ఉంటుంది. లేదంటే పోతుంది.

భానుప్రసాద్‌ది చెరుకు రైతులకు డ్రిప్ పైపులు అమ్మే దుకాణం. ఇంట్లో అతనూ, తల్లి విమలమ్మా. మొదటి రోజు నిరోష టేపు కూడా తీయలేదు. వంటింటి గడప మీద కూర్చుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా విమలమ్మను చూస్తూ ఉండిపోయింది.

వీధి తలుపు చప్పుడైనప్పుడల్లా ఆమె ఉలిక్కిపడుతోంది. పొయ్యి వెనుక గోడకు ఉంది. ఎవరు వచ్చారో, ఎవరు పోయారో ఆమెకు కనబడదు.

"ఎందుకమ్మా గట్ల అదురుతవు?"

విమలమ్మ గరిట కింద పెట్టింది.

"భాను వాళ్ళ బాపు పొద్దుగాల ఫ్యాక్టరీ డ్యూటీకి పోతు, 'పోయొస్తనే' అన్నడు. నేను పొయ్యి దిక్కు మొకం పెట్టి 'ఊఁ' అన్న. వెనుకకు తిరిగి సూడలే. గదే ఆఖరు బిడ్డా. తొవ్వలనే పానం పోయింది."

ఆ వారమే నిరోష ప్లాన్ తెచ్చింది. అందులో గాజు అల్మారాలు లేవు, పైకప్పుకు పీఓపీ పువ్వులు లేవు. వంటింటి గోడ సగానికి తీసేసి, పొయ్యిని ఇటువైపు తిప్పింది. ఇక వంట చేస్తూనే వీధి తలుపు చూడొచ్చు.

భానుప్రసాద్ ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. "మా అమ్మ నాకెన్నడు గీ మాట చెప్పలే," అన్నాడు మెల్లగా. ఆ సాయంత్రమే ముందు సగం ఫీజు ఇచ్చాడు.

పని నడిచినన్నాళ్ళూ ఆమె బస్సు ఎడపల్లి దాటేసరికి ఫోన్ మోగేది. "మేడం, మేస్త్రి మీరొచ్చినంకనే గోడ ముట్టుకుంటడట."

"మేస్త్రి అన్నడా, మీరన్నరా?"

"ఇద్దరం అనుకున్నం."

ఒక రోజు విమలమ్మే పట్టేసింది. "ఏం బిడ్డా, మొదట్ల మావోణ్ణి 'అన్నా' అని పిలుస్తుంటివి. ఇప్పుడు ఏమని పిలువక దగ్గుతున్నవు?"

నిరోష తలెత్తలేదు. సిమెంటు అంటిన చేతులతో నిలబడ్డ భానుప్రసాద్ మాత్రం కిటికీలోంచి వానను ఎన్నడూ చూడనట్టు చూస్తూ ఉండిపోయాడు.

పని అయిపోయింది. విమలమ్మ నిరోషను పీట మీద కూర్చోబెట్టి బొట్టు పెట్టి, చీర ఒడిలో పెట్టింది. కడుపునిండా తినిపించింది. బస్సు దాకా భానుప్రసాద్ వచ్చాడు. చెరుకు ట్రాక్టర్ల గురించి మాట్లాడాడు, వాన గురించి మాట్లాడాడు. మిగిలిన ఫీజు మాట ఎత్తలేదు.

వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. అడగడానికి నోరు రాక ఆగి ఆగి, చివరికి నిరోషే ఫోన్ చేసింది.

"పని నచ్చిందా?"

"మస్తు నచ్చింది."

"మరి మిగిలిన ఫీజు..."

అతను మెత్తగా అన్నాడు. "మన మధ్యల లెక్కలేంది నిరోషా?"

'మన' అన్న ఆ ఒక్క మాట కోసం ఆమె ఎన్నాళ్ళు ఎదురుచూసిందో! వచ్చింది, రావలసిన చోట రాలేదు. అందరూ ఫోన్ ఎత్తకుండా చేసిన పనినే ఇతను ప్రేమగా చేస్తున్నాడు అనిపించింది.

"లెక్క లేకుంటే నేను లేను," అని ఫోన్ పెట్టేసింది. హైదరాబాద్ కంపెనీకి వస్తానని చెప్పింది. గది ఖాళీ చేస్తానని కింద మందుల దుకాణం వాళ్ళకూ చెప్పింది.

మర్నాడు తల్లీ కొడుకులిద్దరూ మెట్లెక్కి వచ్చారు. గోడలకు ఉన్న బొమ్మలన్నీ దింపి, సుతిలితో కట్టి ఉన్నాయి. వాటిని చూడగానే విమలమ్మ మొహం పాలిపోయింది.

"వాన్ని తిట్టకు బిడ్డా. ఇయ్యొద్దన్నది నేనే."

"ఎందుకమ్మా?"

"చెరుకు కొట్ట వచ్చేటోళ్ళను సూడు. లెక్క ముట్టెదాక మన వాకిట్లనే ఉంటరు, మన పిల్లలను ఎత్తుకుంటరు. లెక్క ముట్టిన తెల్లారి బండ్లు కట్టుకొని పోతరు. మల్ల ఏ ఊర్ల ఉంటరో తెల్వది. నీ లెక్క తెంపితే నువ్వు గూడ పోతవని భయమైంది. జర్ర బాకీ ఉంటే, దానికోసమన్న వస్తవనుకున్న."

నిరోషకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. అయినా తన మాట తాను చెప్పుకోక తప్పదు.

"అమ్మా, నా పనికి విలువ కట్టకుండ నన్ను దగ్గరికి తీస్తే, నేను ఎవరిగ వస్త మీ ఇంటికి? ఆ పొయ్యి తిప్పింది గీ చేతులే గదా."

"నాది గూడ తప్పే," అన్నాడు భానుప్రసాద్. "ఇంటి మనిషికి ఫీజిస్తే చిన్నతనమైతదనుకున్న. ఇయ్యకపోతేనే అయితదని తెల్వలే."

జేబులోంచి కవరు తీసి, రెండు చేతులతో ఇచ్చాడు. నిరోష తీసుకుంది. ఫీజు మొత్తం ముట్టిందని రసీదు రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. ఆ రసీదు కొడుకు చేతికి అందడం విమలమ్మ చూడలేకపోయింది. కొంగు కళ్ళకు అదుముకుని లేచింది.

"ఇగ పోదాం పారా."

"ఆగమ్మా," అన్నాడు భానుప్రసాద్. నిరోష వైపు తిరిగాడు. "ఇప్పుడు నేను నీ కస్టమర్‌ను కాదు. నువ్వు నాకేం బాకీ లేవు, నేను నీకేం బాకీ లేను. గందుకే ఇప్పుడు అడుగుతున్న. నన్ను చేసుకుంటవా?"

నిరోష కట్టల వైపు చూసింది, అతని వైపు చూసింది.

"చేసుకున్నా ఆఫీసు బంద్ పెట్ట. మీ చుట్టాల ఇండ్లకైనా ఫీజు తీసుకుంట."

"మా మేనమామ దగ్గర డబుల్ తీసుకో. పిసినారోడు."

"నా తమ్ముని మీద పడ్డవేంరా!" అంది విమలమ్మ, ఏడుస్తూనే.

నిరోష నవ్వింది. "మా బాపును అడగాలె," అంది.

"రేపే జక్రాన్‌పల్లి పోదాం," అన్నాడతను.

విమలమ్మ మాత్రం ఇంకా నమ్మలేక నిరోష చెయ్యి పట్టుకుంది.

"లెక్క మొత్తం తెగింది గదా బిడ్డా?"

"తెగిందమ్మా."

"అయినా వస్తవా?"

నిరోష ఫోన్ తీసి, రానని చెప్పడానికి హైదరాబాద్ కంపెనీ నంబరు నొక్కింది. అవతలి వాళ్ళు ఎత్తేలోపు, "వస్తనమ్మా," అంది.