మంచి శాంపిల్

పెంపుడు పిల్లి దొరసాని పొట్ట మీద, చనుమొన పక్కన, పెసరగింజంత గడ్డను మొదట పట్టుకున్నది అత్తగారే. నలభై ఏళ్ళు బట్టలు కుట్టిన వేళ్ళు మరి. పిల్లిని దువ్వుతూ దువ్వుతూ ఆగి, "ఇదేమిటే ఇక్కడ?" అంటూ ఆ పూటే పశువుల డాక్టరు దగ్గరకు ఎత్తుకుపోయింది. ఆయన సూదితో పరీక్ష చేసి రొమ్ము క్యాన్సర్ అన్నాడు. సోమవారం ఆపరేషన్.

ఆదివారం పొద్దున అత్తగారు పాలగిన్నె పొయ్యి మీద పెడుతుంటే కోడలి ఫోను మాటలు చెవిన పడ్డాయి. కోడలు పరిశోధన చేసేది పిల్లులకు వచ్చే ఇలాంటి గడ్డల మీదే.

"ఔనండీ, మా ఇంట్లోనే మంచి శాంపిల్ దొరికింది! రేపు ఐసు పెట్టె తెస్తాను."

అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. గిన్నె అక్కడే వదిలేసి ముందు గదిలోకి వచ్చింది.

"పదకొండేళ్ళు నా ఒళ్ళో పెరిగిన బిడ్డ నీకు శాంపిలా అమ్మాయ్?"

కొడుకు గబుక్కున పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"అది కాదు అత్తయ్యా..."

"ఏదీ కాదు! ఆపరేషనూ వద్దు, నీ చదువూ వద్దు!"

కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు ముక్క ఇవ్వకపోయినా ఫర్వాలేదు, ఆపరేషన్ మాత్రం ఆపకండి. గడ్డ ఎలాగూ తీసేస్తారు. డాక్టరుగారి పరీక్షకు పోగా మిగిలింది పారేస్తారు. నేనడిగింది అదే. జన్యువులు ఒళ్ళంతా ఉండేవే అత్తయ్యా. గడ్డలో మాత్రం కొన్ని హద్దుమీరి పనిచేస్తాయి, కొన్ని పని మానేస్తాయి. అవేవో తెలిస్తేనే కదా మందు వెతికేది?"

"అయితే మాత్రం మంచిదంటావా దాన్ని?"

"మా దగ్గరకొచ్చేవన్నీ నిమ్మకాయంత అయ్యాకే వస్తాయి. అప్పటికి ఆ పిల్లులు చాలావరకు దక్కవు. ఇంత చిన్నగా ఉన్నప్పుడు దొరికింది ఇదే మొదలు. అంతా మీ చలవే. మన దొరసాని బతుకుతుందన్న ధైర్యంతోనే మంచిదన్నాను."

అత్తగారు సోఫాలో కూలబడింది.

"ఆ మాట ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని కసిరి, తనే ఏడ్చేసింది. కోడలు పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది.

సోమవారం ఆపరేషన్ బాగా జరిగింది. క్యాన్సర్ ఇంకెక్కడికీ పాకలేదన్నాడు డాక్టరు. కోడలు ఐసు పెట్టె పట్టుకుని ఆపరేషన్ గదిలోంచి బయటకు వచ్చేసరికి, అత్తగారు ఎవరిదో తెల్లపిల్లిని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టుకుని ఉంది. ఆ పిల్లిని తెచ్చినావిడ వంగి చూస్తోంది.

"ఇదిగో, ఇలా మెల్లగా ఒక్కో చనుమొన చుట్టూ తడమాలి. నెలకోసారి. గింజంత తగిలినా సరే, ఆ రోజే తీసుకురావాలి."

"మీరు డాక్టరాండీ?" అంది ఆవిడ.

"అబ్బే," అత్తగారు గుమ్మంలో నిలబడ్డ కోడలిని చూపించి నిటారుగా కూర్చుంది. "ఆవిడగారి అత్తగారిని."